పై అధికారి నోటి దురుసుకు కాగితం మీద జవాబు

మందుల కంపెనీల నాణ్యతా నియంత్రణ ప్రయోగశాలల్లో, అంటే మేము రోజూ క్యూసీ అని పిలుచుకునే విభాగంలో, కొత్తగా చేరిన పిల్లలు ఈ మధ్య నన్ను తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. పై అధికారి అందరి ముందూ నోటికొచ్చినట్టు తిడుతున్నాడు, సెలవు అడిగితే ఎగతాళి చేస్తున్నాడు, ఎదురు చెబితే రేటింగ్ పోతుందని భయపెడుతున్నాడు, ఏం చేయాలి అని. ఇంట్లోవాళ్లు సర్దుకుపొమ్మంటారు, స్నేహితులు రాజీనామా మొహాన కొట్టి వచ్చేయమంటారు. ఈ రెండింటి మధ్య చేయగలిగిన పని చాలా ఉందని, అది చేసి చూసినవాడిగా నేను నమ్ముతున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

క్యూసీలో కఠినమైన సూపర్‌వైజర్ ఉండటం తప్పు కాదు, అవసరం. ఒక బ్యాచ్ మాత్రలు బయటికి పంపవచ్చునని మేము సంతకం పెడితే అవి ఎవరో రోగి కడుపులోకి వెళతాయి. తూకం ప్రింటవుట్ అతికించకపోయినా, ద్రావణం తయారుచేసిన సమయం రాయకపోయినా, లాగ్‌బుక్‌లో కొట్టివేత పక్కన సంతకం, తేదీ లేకపోయినా పిలిచి గట్టిగా అడగవలసిందే. నా తొలి ఉద్యోగంలో అలా అడిగే ఒక సీనియర్ మేడమ్ దగ్గరే నేను పని నేర్చుకున్నాను. ఆవిడ మాట కటువే గానీ, అది ఎప్పుడూ చేసిన పని మీదే ఉండేది. ఏం సరిచేయాలో చెప్పాక అక్కడితో ముగిసేది. వేధించే అధికారి మాట పని దగ్గర మొదలై మన ఊరు, మన కాలేజీ, మన ఇంగ్లీషు, మన తల్లిదండ్రుల పెంపకం దాకా పోతుంది. ఏం సరిచేస్తే ఆయన శాంతిస్తాడో మనకు ఎన్నటికీ తెలియదు, ఎందుకంటే సరిచేయడం ఆయనకు కావలసిన విషయమే కాదు.

విశాఖపట్నం దగ్గర పరవాడ ఫార్మా సిటీలో నేను పనిచేసిన ఒక సంస్థలో మా సెక్షన్ అధికారి అలాంటి మనిషి. మధ్యాహ్నం రెండు గంటలకు షిఫ్టు మారే వేళ, వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రాల వరుస దగ్గర గుమిగూడి ఉన్నప్పుడు, ఆయన ఎవరో ఒకరిని ఎంచుకొని మొదలుపెట్టేవారు. "ఎవడిచ్చాడురా నీకు ఎమ్మెస్సీ? మీ ఊళ్లో గేదెల్ని కాసుకోక ఇక్కడికెందుకొచ్చావు?" అన్నది అందులో మర్యాదైన భాగం. షిఫ్టు అయిపోయినవాణ్ణి ఏ పనీ చెప్పకుండా, వెళ్లమనీ అనకుండా, కంపెనీ బస్సు కదిలిపోయేదాకా తన బల్ల ముందు నిలబెట్టేవారు. ఆ తర్వాత గాజువాక చేరడానికి ఆటో కోసం ఎండలో రోడ్డు మీద నిలబడటం వాడి పాట్లు. వారాంతపు సెలవును ముందు రోజు రాత్రి మార్చేవారు. చెల్లెలి నిశ్చితార్థానికి నెల ముందే మంజూరైన సెలవు రద్దయి, ఆ రోజు రాత్రి షిఫ్టు చేసిన కుర్రవాడు మాలో ఉన్నాడు. బయటి నుంచి తనిఖీ బృందం వచ్చిన వారం మాత్రం ఆయన నోట అందరం "గారు"లమే.

వీటన్నింటికంటే ప్రమాదకరమైనది నోటిమాట ఆదేశం. ఫలానా నమూనాను ముందు పెట్టమని ఆయనే చెబుతారు; మా పనిని పర్యవేక్షించే నాణ్యతా భరోసా విభాగం, అంటే క్యూఏ వాళ్లు వచ్చి వరుస ఎందుకు మారిందని అడిగితే "నేనలా ఎప్పుడు చెప్పాను?" అంటారు. చెప్పినప్పుడు విన్నవాళ్లు నలుగురు ఉంటారు, అడిగినప్పుడు నోరు విప్పేవాళ్లు ఒక్కరూ ఉండరు. ఒకసారి, మందు ఎంతకాలం చెడకుండా ఉంటుందో చూడటానికి దాచి ఉంచే స్టెబిలిటీ నమూనాలో మలినం శాతం హద్దు దాటినట్టు నా విశ్లేషణలో కనిపించింది. అలాంటి ఫలితాన్ని మేము ఓఓఎస్ అంటాము. దాన్ని వెంటనే నమోదు చేసి, ద్రావణాలను పారబోయకుండా ఉంచి, కారణం వెతకాలి. ఆయన మాత్రం యంత్రంలో నడుస్తున్న పరీక్షల వరుసను ఆపి, నమూనాను మళ్లీ ఎక్కించమని, ఓఓఎస్ ఎత్తితే నా సంగతి చూస్తానని అన్నారు. నేను ద్రావణాలను భద్రపరిచి, నమోదు చేయవలసిందేనని చెప్పాను. ఆ రోజు నుంచి షిఫ్టు మార్పు వేళ తిట్ల వంతు దాదాపు ప్రతిరోజూ నాదే అయింది.

ఈ రంగం బయటి పాఠకులకు ఒక మాట చెప్పాలి. హద్దు దాటిన ఫలితం వస్తే ఏం చేయాలన్న దానిపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో మార్గదర్శకాలు ఇచ్చింది. అక్కడికి మందులు పంపే మన ప్రయోగశాలలన్నీ వాటినే అనుసరిస్తాయి. కారణం ఇదేనని ముందే నిశ్చయించుకోకుండా, నిష్పక్షపాతంగా, ఆలస్యం లేకుండా విశ్లేషకుడితో కూర్చొని మాట్లాడటం సూపర్‌వైజర్ బాధ్యత అని అందులో ఉంది. ఫలితం సరిపోయేదాకా పరీక్షను మళ్లీ మళ్లీ చేయించడాన్ని అమెరికా న్యాయస్థానం 1993లోనే బార్ లేబొరేటరీస్ కేసులో తప్పుపట్టింది. అంటే సూపర్‌వైజర్‌కు అడిగే అధికారం ఇచ్చిన నియమమే, ఆ అడగడం ఎలా ఉండాలో కూడా చెప్పింది. తిట్లకు భయపడే చోట గాజు పాత్ర పగిలినా, తూకం తప్పినా, ఫలితం తేడాగా వచ్చినా పైకి చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు, దాచిన తప్పు మందులోకి పోతుంది. పై అధికారి వేధింపును కింది ఉద్యోగి సున్నితత్వంగా కొట్టిపారేసేవాళ్లు ఈ సంగతిని ఆలోచించడం లేదని నా ఆవేదన.

అయినా చాలాకాలం అందరం మౌనంగానే ఉన్నాము. ఒకరికి ఇంటి అప్పు వాయిదా, ఒకరికి తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజు, అందరికీ రిలీవింగ్ లెటర్ భయం. ఇక గాజు సామాను కడిగే కాంట్రాక్టు అక్కలు, అన్నల పరిస్థితి మాకంటే హీనం. వాళ్లను తిట్టినా అడిగేవారు లేరు, వాళ్ల ఫిర్యాదు కంపెనీకి కాదు కాంట్రాక్టరుకు వెళ్లాలి, కాంట్రాక్టరు మర్నాటి నుంచి రావద్దంటాడు. ఏ ప్రయోగశాలలోనైనా అధికారి స్వభావం తెలుసుకోవాలంటే ఆయన తన పై అధికారితో ఎలా మాట్లాడుతున్నాడో కాదు, వాళ్లతో ఎలా మాట్లాడుతున్నాడో చూడాలని నేను అక్కడే తెలుసుకున్నాను.

మా రంగంలో అందరికీ కంఠతా వచ్చిన మాట ఒకటుంది: రాయనిది జరగనట్టే. చేసిన పనిని చేసినప్పుడే రాయాలి, ఎవరు రాశారో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, తిరగరాసిన నకలు కాక అసలు ప్రతి అయి ఉండాలి, ఉన్నది ఉన్నట్టు ఉండాలి. మందుల విషయంలో రోజూ పాటించే ఈ క్రమశిక్షణను నాకు జరుగుతున్న దానికీ ఎందుకు వర్తింపజేయకూడదని నాకు తోచింది. పేజీల అంకెలు ముందే వేసి ఉన్న ఒక మామూలు నోటుపుస్తకం కొని, ప్రతి సంఘటననూ ఆ రోజే, గదికి చేరగానే రాయడం మొదలుపెట్టాను. తేదీ, సమయం, ఏ గది, ఎవరెవరు ఉన్నారు, అప్పుడు జరుగుతున్న పని ఏమిటి, ఆయన అన్న మాటలు ఏమిటి, నేను ఏమన్నాను, ఆ తర్వాత పనిలో ఏం తేడా వచ్చింది. "చాలా దారుణంగా అవమానించారు" అని రాస్తే దానికి విలువ లేదు. ఆ మాటను ఆ మాటగానే, ఎంత రోతగా ఉన్నా, రాయాలి. నా అభిప్రాయం, నా బాధ అందులో రాయలేదు. అవి చెప్పుకోవడానికి మా అక్క ఉంది.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. నమూనాల వివరాలు, బ్యాచ్ నంబర్లు, ఫలితాలు, కంపెనీ పత్రాల నకళ్లు ఆ పుస్తకంలోకి రాకూడదు. అవి కంపెనీ రహస్యాలు కాబట్టి, వేధింపు మీద జరగవలసిన విచారణ మన మీద విచారణగా మారిపోతుంది. ఆఫీసు కంప్యూటరులో రాయకూడదు, పుస్తకాన్ని లాకరులో పెట్టకూడదు. చాలా ప్రయోగశాలల్లోకి ఫోను అనుమతి లేదు కాబట్టి దొంగచాటుగా మాటలు రికార్డు చేయబోయి దొరికిపోతే, క్రమశిక్షణ తప్పినవాళ్లం మనమే అవుతాము. 2023 జూన్‌లో కోల్‌కతాలో ఒక ప్రైవేటు బ్యాంకు అధికారి ఆన్‌లైన్ సమావేశంలో కింది ఉద్యోగుల మీద అరుస్తున్న వీడియో దేశమంతా తిరిగి, ఆయన సస్పెండ్ అయ్యాడు. అలాంటివి చూసి మన దగ్గరా ఒక వీడియో ఉంటే చాలని పిల్లలు అనుకుంటున్నారు. వీడియో ఒక మనిషి పరువు తీయగలదు గానీ, ఆ మనిషిని అలా అరిచేలా చేసిన టార్గెట్ల పద్ధతిని తాకలేదు, వీడియో తీసిన ఉద్యోగిని కాపాడనూ లేదు.

నోటిమాట ఆదేశాల విషయంలో నాకు అన్నింటికంటే ఎక్కువ ఉపయోగపడినది మెయిల్. ఆయన ఏదైనా చెప్పగానే వెళ్లి, ఎంతో వినయంగా, "సార్, ఈ రోజు మధ్యాహ్నం మీరు చెప్పిన ప్రకారం ఫలానా పనిని ఆపి ఫలానా పనిని ముందు చేపడుతున్నాను. నా అవగాహనలో పొరపాటు ఉంటే దయచేసి తెలియజేయగలరు" అని రెండు వాక్యాలు పంపేవాణ్ణి. అందులో ఫిర్యాదు ఉండదు, ఎత్తిపొడుపు ఉండదు. మొదట్లో "ప్రతిదానికీ మెయిలేంట్రా" అని మండిపడ్డారు. ఆ మాటనూ ఆ రోజు పుస్తకంలో రాశాను. కొద్ది వారాల్లో, విధానపత్రానికి విరుద్ధమైన ఆదేశాలు నాకు రావడం ఆగిపోయింది. తిట్లు ఆగలేదు. ఈ తేడాను దాచకుండా చెప్పాలి, ఎందుకంటే మెయిల్ పెడితే మనిషి మారతాడని ఆశపడినవాళ్లు తొందరగా నిరాశపడతారు.

చట్టం సంగతికి వస్తే, మన దేశంలో పై అధికారి వేధింపు అన్నదానికి, లైంగికమైనది కాకపోతే, ప్రత్యేకమైన చట్టం లేదు. లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, సంఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు గడువు పెంచవచ్చు, విచారణ 90 రోజుల్లో ముగియాలి. స్త్రీలకు ఎదురయ్యే తిట్లలో చాలావరకు వాళ్ల శరీరం మీద, నడవడి మీద ఉంటాయి కాబట్టి, "ఇది మామూలు తిట్టే కదా" అనుకొని ఆ దారిని వదులుకోవద్దని నా సహోద్యోగినులకు ఎప్పుడూ చెబుతాను. దళిత, గిరిజన ఉద్యోగులను నలుగురి కంటపడే చోట కులం పేరుతో దూషిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. మిగిలిన తిట్లకు పోలీసుల దగ్గరికి వెళ్లడం గురించి మాత్రం ఆలోచించి అడుగు వేయాలి. సికింద్రాబాద్‌లోని ఒక జాతీయ సంస్థలో పై అధికారి అందరి ముందూ గట్టిగా మందలించారని పెట్టిన క్రిమినల్ కేసును 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టివేస్తూ, విధుల విషయంలో పై అధికారి చేసే మందలింపును రెచ్చగొట్టే ఉద్దేశంతో చేసిన అవమానంగా చూడలేమని చెప్పింది. మందలింపుకూ వేధింపుకూ తేడాను తేదీలతో సహా చూపగలగడం ఎందుకు అవసరమో ఆ తీర్పు చదివితే బోధపడుతుంది.

ఇతర దేశాలు ఈ విషయంలో మనకంటే ముందున్నాయి. స్వీడన్ 1993లోనే పని చోట వేధింపు మీద నిబంధనలు తెచ్చింది, ఫ్రాన్స్ 2002లో చట్టం చేసింది. ఆ చట్టం కిందనే ఫ్రాన్స్ టెలికాం మాజీ అధిపతినీ, ఆ కంపెనీనీ పారిస్ న్యాయస్థానం 2019 డిసెంబరులో దోషులుగా తేల్చింది. దక్షిణ కొరియాలో 2019 నుంచి, జపాన్‌లో 2020 నుంచి ఇలాంటి చట్టాలు అమల్లో ఉన్నాయి. పని ప్రపంచంలో హింస, వేధింపుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో చేసిన 190వ ఒడంబడికను మన దేశం ఆమోదించలేదు. ఆమోదించాలని కార్మిక సంఘాలతో పాటు మనలాంటి చదువుకున్న ఉద్యోగులు కూడా గొంతు కలపాలి. తమది కార్మికుల సమస్య కాదని మెడలో కార్డు వేసుకున్నవాళ్లు దూరంగా ఉండటం నాకు నచ్చని విషయం.

అయితే ఉన్న దారుల్లో ఒకటి మనవాళ్లు పెద్దగా వాడుకోవడం లేదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఇరవై మంది లేదా అంతకంటే ఎక్కువమంది కార్మికులున్న ప్రతి సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం వైపు ఎంతమందో ఉద్యోగుల వైపు అంతమంది, మొత్తం పదిమందికి మించకుండా ఉంటారు. సంఘటన జరిగిన ఏడాదిలోగా దరఖాస్తు ఇవ్వవచ్చు, 30 రోజుల్లో తేల్చాలి. అంతకుముందు కూడా పారిశ్రామిక వివాదాల చట్టంలో ఇలాంటి కమిటీ ఉండేది. మీ హోదాలో ఎగ్జిక్యూటివ్ అని ఉంది కాబట్టి మీరు కార్మికులు కారని కొన్ని కంపెనీలు అంటాయి. హోదా పేరును కాక చేసే పని స్వభావాన్ని చూడాలన్నది న్యాయస్థానాలు ఎప్పటినుంచో చెబుతున్న మాట. యంత్రం ముందు నిలబడి నమూనాలు పరీక్షించేది సాంకేతికమైన పని, కాబట్టి అది చేసేవాళ్లూ కార్మికుల కిందికే వస్తారు.

నా విషయంలో ఫిర్యాదు ఇచ్చేముందు ఇద్దరు సహోద్యోగులతో మాట్లాడాను. వాళ్లలో ఒకరు, నాకు తెలియకుండానే, తన ఫోనులో తేదీలతో చిన్న చిన్న వాక్యాలు రాసి పెట్టుకున్నారు. ముగ్గురమూ ఒకే కాగితం మీద సంతకం పెట్టలేదు. గుంపు కట్టారన్న మాట రాకుండా ఎవరి ఫిర్యాదు వాళ్లం విడివిడిగా, ఒకే వారంలో, క్యూసీ హెడ్‌కూ హెచ్ఆర్‌కూ ఇచ్చాము. ఆయన స్వభావం మీద ఒక్క వాక్యం రాయలేదు. ఫలానా తేదీన ఫలానా మాట, దానివల్ల పనిలో వచ్చిన ఇబ్బంది, మేము కోరుతున్నది ఏమిటి అని మాత్రమే రాశాము. కోరినవి కూడా తేలికైనవే: ఆదేశాలు రాతపూర్వకంగా ఇవ్వాలి, షిఫ్టు మార్పు వేళ వ్యక్తిగత దూషణ ఆగాలి, వారాంతపు సెలవుల పట్టిక ముందే ప్రకటించాలి. శిక్షించమని అడిగితే యాజమాన్యం ముందుగా తన అధికారిని కాపాడుకోవాలని చూస్తుంది, ఏర్పాటు మార్చమని అడిగితే కనీసం వింటుంది.

హెచ్ఆర్ మొదట అనుకున్నట్టే చేసింది. ఆయననూ మమ్మల్నీ కూర్చోబెట్టి కలిసి పనిచేసుకోవాలని హితవు చెప్పి పంపించింది. కదలిక వచ్చింది ఆ తర్వాత, మా మూడు ఫిర్యాదుల్లోని తేదీలను షిఫ్టు పట్టికతోనూ గేటు దగ్గర కార్డు గీసిన సమయాలతోనూ సరిచూసినప్పుడు. షిఫ్టు రెండింటికి ముగిసినవాడు బయటికి వెళ్లిన సమయం మళ్లీ మళ్లీ సాయంత్రం నాలుగు దాటి ఉండటానికీ, ఆ రోజుల్లో అతడి పేరు మీద ఏ పనీ నమోదై లేకపోవడానికీ ఎవరి దగ్గరా సమాధానం లేకపోయింది. పైగా ఓఓఎస్ నమోదును అడ్డుకోబోయారన్న మాట క్యూఏ చెవిన పడ్డాక, అది మా ముగ్గురి బాధగా కాక సంస్థ లైసెన్సుకు ముప్పుగా కనిపించింది. ఆయనను కింద మనుషులు లేని వేరే బాధ్యతకు మార్చారు. క్షమాపణ ఎవరూ చెప్పలేదు, మేము అడగనూ లేదు. ఆ ఏడాది నా రేటింగ్ తగ్గింది. దాని మీద రాసిన అభ్యర్థనకు జవాబు రాలేదు.

ఆ నెలల్లో నిద్ర పట్టేది కాదు, షిఫ్టుకు బయలుదేరే వేళకు గుండె దడగా ఉండేది. అది బలహీనత కాదని, వైద్యుడికి చూపించుకోవలసిన విషయమని మా అక్క పట్టుబట్టి తీసుకెళ్లింది. అలా తోడు వచ్చే మనిషి లేనివాళ్ల కోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ సహాయవాణి 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు, రాత్రి షిఫ్టు మధ్యలోనైనా చేయవచ్చు.

ఉద్యోగం మారడమే సరైన దారి అని తేలిన సందర్భాలూ ఉంటాయి. అందులో ఓటమి ఏమీ లేదు గానీ, కోపంలో నోటిమాటగా మానేసి రావడం మాత్రం వద్దు. జీతపు చీటీలు, నియామక పత్రం, రేటింగ్ పత్రాలు, ఫారం 16 వంటి మనవైన కాగితాలు ముందే సొంతంగా భద్రపరచుకొని, రాజీనామాను మెయిల్‌లో తేదీతో ఇచ్చి, అది అందినట్టు జవాబు తీసుకొని, నోటీసు కాలంలో అప్పగించిన ప్రతి లాగ్‌బుక్‌కూ తాళానికీ సంతకం తీసుకోవాలి. రిలీవింగ్ లెటర్ ఆపుతామని బెదిరిస్తే ఆ బెదిరింపుకు కూడా జవాబు మెయిల్‌లోనే అడగాలి. కొత్త వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారి జీతం బకాయిలను రెండు పనిదినాల్లో చెల్లించాలి. భవిష్య నిధి ఖాతాలో ఉద్యోగం మానిన తేదీని, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత, పోర్టల్‌లో మనమే నమోదు చేసుకునే వీలు 2020 నుంచి ఉంది. కాబట్టి ఆ ఒక్క పని కోసం పాత అధికారికి ఫోను చేసి బతిమాలుకోవలసిన అవసరం కూడా లేదు.